గీత జరిపింది ఎవరో పటంలో రాసి ఉండాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం మీ పేపరు జిల్లా పేజీలో భూముల రికార్డుల మీద ఒక వార్త వేశారు. పటాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కేశాయి కాబట్టి ఇక గట్టు తగాదాలు తగ్గిపోతాయని అందులో ఉంది. చదివి పక్కన పెట్టేద్దామనుకున్నాను గానీ మనసు ఒప్పుకోలేదు, ఎందుకంటే ఆ ఎక్కించే పని చేసేవాళ్ళలో నేనూ ఒకడిని. పర్లాకిమిడిలో ఉంటాను. పదకొండేళ్ళుగా మౌజా పటాలు, అంటే రెవెన్యూ గ్రామాల పటాలు, కంప్యూటర్లో గీయడం, సరిచూడడం, భూమి చెక్కలు విడగొట్టడం, ఇదే నా బతుకుతెరువు. నేను ఏ ఆఫీసు ఉద్యోగినీ కాను, పని తెచ్చుకున్న ఏజెన్సీల దగ్గర షీటుకి ఇంత అని తీసుకుని చేస్తాను. ఈ పనంటే నాకు ఇష్టం, గౌరవం. అందుకే చెప్తున్నాను, పటం కంప్యూటర్లోకి వచ్చినంత మాత్రాన తగాదా పోదు. ఒళ్ళు దగ్గర పెట్టుకుని దిద్దితే పోతుంది. ఎవరికీ చెప్పకుండా దిద్దితే లేని తగాదా కొత్తగా పుడుతుంది. మా ఇంట్లో అలాగే పుట్టింది.

మా అమ్మ పేరున ఊరికి తూర్పున గెడ్డ (చిన్న ఏరు) పక్కన ఒక పల్లపు చెక్క ఉంది. పట్టాలో 1 ఎకరం 12 డెసిమల్స్ (డెసిమల్ అంటే ఎకరంలో నూరో వంతు). దాని పక్క చెక్క ఒక ఒడియా కుటుంబానిది, ఆ పెద్దాయన్ని నేను చిన్నప్పటి నుంచి మావుసా అనే పిలుస్తాను, ఒడియాలో బాబాయి అన్నట్టు. రెండు చెక్కలకీ మధ్య ఒకటే గట్టు, దాని మీద రెండు తాటిచెట్లు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ గట్టు ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉంది. కిందటేడు మావుసా ఏదో లోను కోసం పటం ప్రింటు తీయించుకుని నేరుగా మా ఇంటికొచ్చాడు. ఆయన చెక్క పట్టాలో 86 డెసిమల్స్, ఆ ప్రింటులో 83 వచ్చింది. గట్టు గీత తాటిచెట్ల దగ్గర కాదు, ఆయన పొలం లోపల ఉంది. ఆయన గొంతు పెంచలేదు, ఒకే ఒక మాట అడిగాడు. "బాబూ, ఆ కంప్యూటర్లో గీతలు గీసేది నువ్వే కదా?"

నేను కాదని చెప్పాను. నిజంగానే నేను కాదు, ఆ మౌజా పని రెండోసారి నా చేతికి రాలేదు. కానీ కాదని ఎలా చూపించాలి? ఆ ఫైల్లో ఎవరు దిద్దారు, ఏ రోజు దిద్దారు, ఏ కాగితం చూసి దిద్దారు అన్నది ఒక్క అక్షరం లేదు. అదృష్టం కొద్దీ మొదటిసారి స్కాన్ చేసి గీసినప్పటి కాపీ నా పాత హార్డ్ డిస్కులో దొరికింది. రెండూ ఒకదాని మీద ఒకటి వేసి చూస్తే సంగతి అర్థమైంది. పాత గీతల ప్రకారం మా అమ్మ చెక్క కొలిస్తే 1.07 వస్తోంది, మావుసాది 88 వస్తోంది. పట్టాలో మాది 1.12 కాబట్టి, ఎవరో ఆపరేటరు లెక్క కుదరలేదని మధ్య గట్టును మౌసుతో పట్టుకుని 70 మీటర్ల పొడవునా దాదాపు 3 మీటర్లు అటు జరిపాడు. మాది 1.12 అయిపోయింది, తేడా ఉందని చూపే ఎర్రరంగు పోయి పచ్చరంగు వచ్చింది, షీటు పాసయింది. ఆయన 5 డెసిమల్స్ మాకు వచ్చాయి. మేము అడగలేదు, మాకు అక్కర్లేదు, మా అమ్మ ఆ మాట వినగానే ఏడ్చింది. పాత గీత, కొత్త గీత రెండూ తెర మీద మావుసాకి చూపించాను, చూశాడు, తల ఊపాడు, కానీ ఆ రోజు టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

ఎక్కడ తప్పు జరిగిందో తెలియాలంటే ఈ పని ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి. విసుక్కోకుండా చదవండి. కంప్యూటర్లో ఒక భూమి చెక్క అంటే రెండు ముక్కలు. ఒకటి బొమ్మ, అంటే మూలల్ని కలుపుతూ మూసేసిన గీత, దాన్నే పాలిగన్ అంటాం. రెండోది ఆ బొమ్మకు అతుక్కుని ఉండే పట్టిక. మౌజా, ఖాతా నంబరు, ప్లాటు నంబరు, కిసమ్ (భూమి రకం), విస్తీర్ణం, పేరు అందులో ఉంటాయి. మన ఒడిశాలో హక్కుల రికార్డు భూలేఖ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది, పటం భూనక్షా అనే వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది, ఈ రెండింటినీ కలిపే తాడు ప్లాటు నంబరు. పట్టికలో రాసిన విస్తీర్ణం ఎప్పుడో సర్వే సెటిల్‌మెంటులో గొలుసుతో కొలిచి రాసింది. బొమ్మ నుంచి వచ్చే విస్తీర్ణం కంప్యూటరు లెక్కగట్టింది. ఈ రెండూ అచ్చంగా ఒకటే అవ్వాలని అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. అవి ఎప్పుడూ అచ్చంగా ఒకటి కావు. అవ్వకూడదు కూడా అంటాను నేను, నూటికి నూరు చెక్కలూ దశాంశంతో సహా కుదిరిపోయిన పటం కనిపిస్తే ఎవరో కూర్చుని కుదిర్చారని అర్థం.

ఎందుకు కుదరవో చూడండి. పాత మౌజా పటం మైలుకు 16 అంగుళాల లెక్కన గీసింది, అంటే 3,960 రెట్లు చిన్నది చేసి గీశారు. కాగితం మీద ఒక మిల్లీమీటరు అంటే నేల మీద దాదాపు 4 మీటర్లు. ఇంకు గీత మందమే అర మిల్లీమీటరు ఉంటే ఆ గీత కిందే 2 మీటర్లు పోయింది. ఇక ఆ కాగితం ఎన్ని వానాకాలాలు చూసిందో, ఎన్నిసార్లు మడతలు పడిందో, ఒకవైపు సాగి ఇంకోవైపు ముడుచుకుపోయి ఉంటుంది. దాన్ని స్కాన్ చేసి గీత మధ్యలో గీయాలా అంచు మీద గీయాలా అన్నది ఆపరేటరు అలవాటును బట్టి ఉంటుంది. మా నాన్న కుర్రతనంలో అమీన్ (భూమి కొలిచే సర్వేయరు) వెనక గొలుసు పట్టిన మనిషి. 66 అడుగుల గొలుసు, నూరు లింకులు, పది చదరపు గొలుసులైతే ఎకరం, ఈ లెక్క నాకు బడి కంటే ముందు ఆయనే నేర్పాడు. గొలుసు కొంచెం వదులుగా పట్టినా లింకు తేడా వస్తుందని, అందుకే అమీన్ అరుస్తూనే ఉండేవాడని చెప్పేవాడు. అలా చెమటోడ్చి కొలిచిన అంకెకూ ఇప్పుడు తెర మీద గీసిన గీతకూ నూటికి రెండో మూడో తేడా వస్తే అది దొంగతనం కాదు, కొలత స్వభావం అంతే. ఆ తేడాను ఉన్నది ఉన్నట్టు రాసి పెట్టాలి. మాయం చేయకూడదు.

స్కాన్ చేసిన షీటును భూమి మీద దాని చోటులో కూర్చోబెట్టడం అసలైన గడ్డు పని. మూడు ఊళ్ళ పొలిమేర కలిసే రాళ్ళు, పాత గుడి మూల, రాతి బావి, ఇలాంటివి పటంలోనూ నేల మీదా రెండు చోట్లా గుర్తుపట్టగలిగేవి పట్టుకుని, వాటి అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, వాటికి షీటును మేకులు కొట్టినట్టు బిగిస్తాం. రోడ్లు వెడల్పు చేసినప్పుడు, చెరువులు తవ్వినప్పుడు ఆ రాళ్ళు చాలా చోట్ల పోయాయి, దాంతో ఏది దొరికితే దానికి బిగించేస్తున్నారు. ఇందులో ఒక మోసం ఉంది, బయటివాళ్ళకి తెలియదు. సాఫ్ట్‌వేర్లో షీటును సాగదీసే పద్ధతులు చాలా ఉన్నాయి, వాటిలో థిన్ ప్లేట్ స్ప్లైన్ అని ఒకటుంది. అది మనం ఇచ్చిన ప్రతి గుర్తు మీద షీటును అచ్చంగా కూర్చోబెట్టేస్తుంది, అందుకే చివర్లో తప్పు ఎంత అని అడిగితే సున్నా చూపిస్తుంది. ఒక గుర్తు మనమే తప్పు పెట్టినా సున్నాయే. ఆ తప్పు గుర్తు చుట్టూ ఉన్న చెక్కలన్నీ రబ్బరులా సాగిపోయి ఉంటాయి, కానీ రిపోర్టులో అంతా బ్రహ్మాండంగా ఉంటుంది. మామూలు పద్ధతిలో చేస్తే ఈ గుర్తు దగ్గర రెండు మీటర్లు, ఆ గుర్తు దగ్గర తొమ్మిది మీటర్లు అని తేడా కనపడుతుంది, తొమ్మిది చూపించిన దాన్ని మళ్ళీ వెళ్ళి చూసుకోవచ్చు. తప్పు కనపడడమే మేలు. నేను షీటు ఇచ్చేటప్పుడు ఆ తేడాల పట్టిక కూడా జతచేసి ఇస్తాను, చాలామంది అడగరు, అయినా ఇస్తాను.

మన జిల్లాకు ఇంకో ప్రత్యేకమైన చిక్కు ఉంది, బయటివాళ్ళకి ఎంత చెప్పినా ఆశ్చర్యపోతారు. కంప్యూటర్లో మీటర్లలో కొలవడానికి భూమిని నిలువుగా ఆరేసి డిగ్రీల పట్టీలుగా కోసి వాడతారు. 78 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశం వరకు 44వ పట్టీ, 84 నుంచి 90 వరకు 45వ పట్టీ. ఆ 84 గీత సరిగ్గా మన మధ్య నుంచి పోతుంది. పర్లాకిమిడి దానికి కాస్త తూర్పున, గుణుపురం పడమరన. అంటే ఒకే రైలు లైను మీద ఉన్న రెండు ఊళ్ళు రెండు పట్టీల్లో పడ్డాయి. అటు నుంచి వచ్చిన ఫైలుతో పాటు ఏ పట్టీయో చెప్పే చిన్న ఫైలు రాకపోతే, మనం మన పట్టీ అనుకుని తెరిస్తే, గుణుపురం పొలాలు 600 కిలోమీటర్లు దాటి ఎక్కడో తేలతాయి. అంత పెద్ద తప్పు వెంటనే కనిపిస్తుంది కాబట్టి భయం లేదు. భయమంతా కనిపించని తప్పు గురించే. ఈ పట్టీల అంచుల్లో కొలతలు కొంచెం ఉబ్బుతాయి. పట్టీ మధ్యలో పొడవు వెయ్యికి 0.4 తగ్గితే, మన అక్షాంశం దగ్గర అంచులో వెయ్యికి 0.8 పెరుగుతుంది. విస్తీర్ణంలో చూస్తే ఎకరాకు 72 చదరపు అడుగుల దాకా ఎక్కువ చూపిస్తుంది. 5 ఎకరాల రైతుకు 360 చదరపు అడుగులు గాల్లోంచి వచ్చినట్టు. క్యూజీఐఎస్ లాంటి పటాల సాఫ్ట్‌వేర్లో విస్తీర్ణం లెక్కకట్టే పద్ధతులు రెండు ఉన్నాయి, ఒకటి భూమి గుండ్రాన్ని లెక్కలోకి తీసుకునేది, ఒకటి తెర మీద బల్లపరుపుగా కొలిచేసేది. చాలామంది కుర్రాళ్ళకి రెండింటికీ తేడా తెలియదు. ఎవరూ చెప్పలేదు పాపం. రెండు రోజుల ట్రైనింగ్ ఇచ్చి షీట్లు చేతికిచ్చేశారు. ఒక మౌజా ఒక పద్ధతిలో, పక్క మౌజా ఇంకో పద్ధతిలో లెక్కకట్టి రెండూ ఒకే పట్టికలో కలిపేస్తే, ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత ఎవరూ పట్టుకోలేరు.

ఇక దిద్దడం. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. రెండు చెక్కల మధ్య గట్టు ఒకటే. కానీ షేప్‌ఫైల్లో, అంటే ఈ బొమ్మలు దాచే ఫైల్లో, రెండు పాలిగన్లు ఉంటాయి, అదే గట్టు రెండు సార్లు గీసి ఉంటుంది, ఇతనికొకటి అతనికొకటి. మూలను పట్టుకుని లాగేటప్పుడు రెండూ కలిసి కదిలేలా టోపోలాజికల్ ఎడిటింగ్ అనే మీట ఒకటి ఉంటుంది, పక్క గీతకు అంటుకునేలా స్నాపింగ్ ఉంటుంది. అవి పెట్టుకోకుండా దిద్దితే ఒక గీత కదులుతుంది, రెండోది అక్కడే ఉండిపోతుంది, మధ్యలో ఎవరికీ చెందని సన్న పీలిక ఒకటి తేలుతుంది, లేదా ఒకే నేల ఇద్దరి పేరునా పడుతుంది. మీట పెట్టుకుంటే రెండూ కలిసి కదులుతాయి, పీలికలు రావు, పటం శుభ్రంగా ఉంటుంది. మావుసా భూమి పోయింది అలా శుభ్రంగానే. సాఫ్ట్‌వేరు ఖాళీ ఉందా, ఒకదాని మీద ఒకటి ఎక్కిందా అని చూసి చెప్పగలదు, గీత తాటిచెట్ల దగ్గర ఉందా లేదా అని చూడలేదు. కాబట్టి తనిఖీలో పాసయిందంటే నేల మీద సరిగ్గా ఉందని కాదు, దయచేసి ఈ ఒక్క మాట మీ పేపర్లో ఎక్కడైనా పెద్ద అక్షరాల్లో వేయండి.

గట్టు గీత ముట్టుకుంటే ఇద్దరి భూమి ముట్టుకున్నట్టు. అన్నదమ్ముల పంపకంలో ఒక చెక్కను మూడు చేసినప్పుడు లోపలి గీతలు ఆ ముగ్గురివి, వాళ్ళు ఒప్పుకుంటే చాలు, మూడు ముక్కల మొత్తం పాత చెక్కకు సమానమైతే చాలు. బయటి గీత అలా కాదు, దాని అవతల ఇంకో మనిషి ఉన్నాడు. ఆ మనిషికి చెప్పకుండా, సంతకం లేకుండా బయటి గీత ఒక్క అంగుళం కూడా కదపకూడదు. విస్తీర్ణం కుదరకపోతే కుదరలేదని రాయండి, పట్టాలో ఇంత, పటంలో ఇంత, రెండు గడులూ పక్కపక్కన ఉండనివ్వండి. నేల మీద గట్టు ఎక్కడుందో వెళ్ళి కొలిచాక అప్పుడు మాట్లాడదాం.

కాగితం రోజుల్లో ఈ మర్యాద ఉండేది. మన రాష్ట్రంలో 1958 నాటి సర్వే సెటిల్‌మెంట్ చట్టం ప్రకారం రికార్డు చిత్తుప్రతి ముందు ప్రచురించాలి, అభ్యంతరాలు తీసుకోవాలి, విచారించాలి, ఆ తర్వాతే ఖాయం చేయాలి. మా నాన్న చెప్పేవాడు, అమీన్ వచ్చే రోజు ముందే చాటింపు వేసేవారట, చుట్టుపక్కల రైతులంతా తమ తమ గట్ల మీద నిలబడేవారట, గొలుసు తమ మూల దగ్గరికి వచ్చేదాకా కదిలేవారు కాదట. ఇప్పుడు తెర మీద గీత కదిలేటప్పుడు ఆ గట్టు మీద నిలబడే మనిషి ఎవరు? ఒక గదిలో ఏసీ కింద, ఆ ఊరు పేరు కూడా పలకడం రాని ఒక కుర్రాడు, సాయంత్రంలోగా ఇన్ని ప్లాట్లు అయిపోవాలనే టెన్షన్‌లో గీతలు జరుపుతున్నాడు. వాడి మీద నాకు కోపం లేదు, నేనూ అలాంటి కుర్చీలోనే కూర్చుని మొదలుపెట్టాను.

చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడిన పని కూడా కాదు. ఇవాళ చాలా చోట్ల పని నడిచేది పెన్ డ్రైవుల మీద. ఒకే మౌజాకు ఫైనల్ అని ఒక ఫైలు, ఫైనల్ రెండు అని ఒకటి, కొత్త ఫైనల్ అని ఇంకొకటి, ఏది అసలైనదో ఆ ఊరి దేవుడికి కూడా తెలియదు. షేప్‌ఫైలు పాత కాలపు సరుకు, గడి పేరు పది అక్షరాలు మించితే కోసేస్తుంది, ఎన్‌కోడింగ్ సరిగ్గా పెట్టకపోతే ఒడియా పేర్లన్నీ ప్రశ్నార్థకాలు అయిపోతాయి. దాని బదులు అందరూ ఒకే డేటాబేసులో పనిచేయవచ్చు, పోస్ట్‌జీఐఎస్ అని ఉచితంగా దొరికేదే ఉంది, క్యూజీఐఎస్ కూడా ఉచితమే. అందులో ఏ చెక్కను ముట్టుకున్నా పాత బొమ్మను చెరపకుండా పక్క పట్టికలో దాచేసి, దిద్దిన మనిషి, తేదీ, సమయం దానంతట అదే రాసుకునేలా ఒక్కసారి అమర్చుకుంటే చాలు. కారణం గడి ఖాళీగా ఉంటే సేవ్ కాకుండా ఆపవచ్చు. మ్యుటేషన్ (హక్కు మార్పిడి) కేసు నంబరు ఏది, కోర్టు ఆర్డరు ఏది, కొత్త కొలత ఏది, ఏదీ లేకపోతే గీత కదలకూడదు. నేను నా సొంత పనికి ఇలాగే పెట్టుకున్నాను, రెండు సాయంత్రాలు పట్టింది. నా ఒక్కడికి కుదిరింది ఆఫీసులకు కుదరదా?

ఆ చరిత్ర పట్టిక కంప్యూటర్లో దాక్కుంటే కూడా లాభం లేదు, రైతుకు కనపడాలి. భూనక్షాలో ప్లాటు నొక్కినప్పుడు పటం, పేరు వస్తున్నట్టే, ఈ ప్లాటు గీత ఫలానా తేదీన ఫలానా కేసు మీద మారింది అని ఒక లైను రావాలి. మారగానే ఈ పక్క రైతుకూ, ఆ పక్క రైతుకూ ఫోనుకు మెసేజ్ పోవాలి. బ్యాంకులో వంద రూపాయలు కదిలితే మెసేజ్ వస్తోంది, అలాంటిది మూడు మీటర్ల పొలం కదిలితే రాకూడదా?

భాష సంగతి కూడా చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మనది మద్రాసు ప్రెసిడెన్సీ. పర్లాకిమిడి జమీందారీలో కొంత ఇటొచ్చింది, కొంత అటే ఉండిపోయింది. మా తాత కాగితాలు తెలుగులో ఉన్నాయి, నాన్న పట్టా ఒడియాలో ఉంది, ఇప్పుడు పట్టికల్లో ఇంగ్లీషు గడి కూడా వచ్చింది. మన వెంకటరావు ఒడియాలో రాసేసరికి ఒకచోట బెంకటరావు అయ్యాడు, ఇంకోచోట భెంకట్ రావు అయ్యాడు. మనకు ఇంటిపేరు ముందు, వాళ్ళకు చివర, దాంతో ఒకే మనిషి ముగ్గురుగా లెక్కకొచ్చి, ఖాతాకూ పటానికీ లంకె తెగిపోయిన ప్లాట్లు నా చేతుల మీదుగా ఎన్ని వెళ్ళాయో. ఒడియా రాజభాష, అది అలాగే ఉండాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ మన సరిహద్దు తాలూకాల్లో నోటీసు తెలుగులో కూడా ఇస్తే మా అమ్మలాంటి వాళ్ళు చదువుకుంటారు. కొలతల మాటల్లో కూడా జాగ్రత్త కావాలి. ఇక్కడి డెసిమల్, ఆంధ్రా సెంటు రెండూ ఒకటే, ఎకరంలో నూరో వంతు. గుంట మాత్రం ఒకటి కాదు. ఒడిశాలో ఎకరానికి 25 గుంటలు, తెలంగాణలో 40. హైదరాబాదులో స్థిరపడిన మన పిల్లలు ఫోన్లో గుంటల్లో మాట్లాడి ఇక్కడ పంపకాలు రాయిస్తే ఎంత తేడా వస్తుందో లెక్క వేసుకోండి. పటం పట్టికలో గుంట అనే మాటే ఉండకూడదని నా అభిప్రాయం.

సరిహద్దు అన్నాను కాబట్టి ఇంకొకటి. ఆంధ్రాలోని పాతపట్నం వాళ్ళకు ఇటు భూములున్నాయి, మనవాళ్ళకు అటు ఉన్నాయి. మహేంద్రతనయ ఏరు దాటితే రికార్డు వేరు, పటం వేరు, కొలిచిన కాలం వేరు. రెండు రాష్ట్రాల పటాలు పక్కపక్కన పెట్టి చూడండి, కొన్ని చోట్ల మధ్యలో ఖాళీ, కొన్ని చోట్ల ఒకదాని మీద ఒకటి. ఒకవైపు కూర్చున్నవాడు శుభ్రం చేద్దామని అవతలి అంచు లాగి అతికిస్తే ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. ఆ ఖాళీని ఖాళీగానే ఉంచి, రెండు వైపుల సర్వేవాళ్ళూ ఒక రోజు ఏటి ఒడ్డున కలుసుకుని రాళ్ళు చూసుకునేదాకా ఆగాలి. పైగా ఇప్పుడు ప్రతి చెక్కకూ భూ ఆధార్ అని 14 అక్షరాల నంబరు ఇస్తున్నారు. ఆ నంబరు చెక్క మూలల అక్షాంశ రేఖాంశాల మీద ఆధారపడి తయారవుతుంది. మూలలే జరిగిపోయి ఉంటే ఆ నంబరు తప్పును గట్టిగా ముద్ర వేసినట్టు అవుతుంది. నంబరు ఇచ్చే ముందే గీతలు నేల మీద సరిచూడాలి, తర్వాత కాదు.

రైతు సోదరులకు కూడా ఒక మాట. ఈ మధ్య కుర్రాళ్ళు ఫోన్లో యాప్ పెట్టుకుని గట్టు చుట్టూ నడిచి, మాది పది సెంట్లు తగ్గింది అని పక్కవాళ్ళ మీదకు వెళ్తున్నారు. ఫోను జీపీఎస్ ఆరుబయట కూడా నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, చెట్టు కింద ఇంకా ఎక్కువ. వెనక కనిపించే శాటిలైట్ ఫోటో కూడా కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉండవచ్చు. దాన్ని నమ్మి గట్టు తవ్వకండి. సెంటీమీటర్లలో కొలిచే డీజీపీఎస్ మిషన్లు వేరు, వాటితో అమీన్ వచ్చి కొలిచినప్పుడు ఇద్దరూ దగ్గరుండండి. అంతలోగా చేయగలిగింది ఒకటి ఉంది. భూలేఖ్‌లో మీ ఖాతా, భూనక్షాలో మీ ప్లాటు ఇవాళే ప్రింటు తీయించి తేదీ వేసి దాచుకోండి. మీ మూల రాళ్ళు, బావి, చెట్లు కనిపించేలా ఫోటోలు తీసి పెట్టుకోండి. రేపు గీత కదిలితే ఇవాళ ఎక్కడుందో చూపించడానికి మీ చేతిలో ఏదో ఒకటి ఉండాలి. నా దగ్గర ఆ పాత హార్డ్ డిస్కు లేకపోయి ఉంటే మావుసా ముందు నేను జీవితాంతం దొంగగానే ఉండిపోయేవాణ్ణి.

మా సంగతి ఎక్కడిదాకా వచ్చిందంటే, నేను, అమ్మ, మావుసా ముగ్గురం కలిసి ఒకే అర్జీ పెట్టాం. గీతను పాత చోటికి, తాటిచెట్ల దగ్గరికి తెమ్మని, మా పట్టాలో 1.12, పటంలో 1.07 అని రెండూ అలాగే రాయమని. పుచ్చుకున్న గుమస్తా రెండుసార్లు చదివి, మీకు తగ్గుతుంది కదమ్మా అని అమ్మను అడిగాడు. తగ్గేది ఏమీ లేదు బాబూ, పొలం అంతే ఉంది అని అమ్మ చెప్పింది. కోతలయ్యాక కొలతకు వస్తామన్నారు. మీ విలేఖరిని ఆ రోజు పంపిస్తే చాలా సంతోషిస్తాం, గొలుసు కాకపోయినా మిషను ఎలా పెడతారో, గట్టు మీద ఎవరెవరు నిలబడతారో దగ్గరుండి చూసి రాయవచ్చు. మావుసా ఇంటి దగ్గర టీ కూడా అయిపోయింది, మొన్న ఆదివారం ఆయనే పిలిచాడు.

ఇట్లు,
మీ పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా